కనుమ, బైలు, కోన

(తిరుపతిలో భూగోళ శాస్త్రం చదివే విద్యార్థులు, చెప్పే ఉపాధ్యాయులు కలిసిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

సభకు నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడిన పిల్లలకు కూడా. నిలబడినవాళ్ళ కోసమైనా తొందరగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం స్థానిక భూస్వరూపాలు. అంత పెద్ద అంశం ఒక పూటలో తెమిలేది కాదు. అందుకని ఒక్క మాట పట్టుకున్నాను. కోన. తలకోన, కైలాసకోన, మూలకోన, సదాశివకోన, సింగిరికోన అంటామే, ఆ కోన.

కోన అంటే ఏమిటని మీలో ఎవరినైనా అడిగితే "లోయే కదా సార్" అంటారు. పరీక్షలో లోయ గురించి అడుగుతారు, రెండు కొండల మధ్య పల్లపు ప్రాంతం అని రాస్తారు, మార్కులు పడతాయి. కోన గురించి ఎవరూ అడగరు. లోయలోనే కోన కూడా కలిసిపోయిందని అందరం అనుకుంటున్నాం. నేను దీన్ని ఒప్పుకోను. మన ప్రాంతంలో కోన వేరు, లోయ వేరు. ఆ తేడా తెలిస్తే తిరుపతి కొండ, తిరుపతి నీళ్ళు, తిరుపతికి వచ్చే వరద, మూడూ అర్థమవుతాయి.

ముందు ఈ రెండు మాటలు మన నోట్లో ఎట్లా తిరుగుతున్నాయో చూడండి. ఘాట్ రోడ్డులో బస్సు అదుపు తప్పితే మర్నాడు పేపర్లో "లోయలో పడ్డ బస్సు" అని వస్తుంది. "కోనలో పడ్డ బస్సు" అని ఏ విలేకరీ రాయడు, మనమూ అనం. అదే ఆదివారం పొద్దున నలుగురు కుర్రాళ్ళు పులిహోర పొట్లాలు కట్టుకుని బైకులెక్కితే ఏమంటారు? "కోనకు పోతా ఉండాం" అంటారు. "లోయకు పోతా ఉండాం" అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. లోయలో పడతాం, కోనకు పోతాం. లోయ పైన నిలబడి కిందికి చూసినప్పుడు కనబడేది. కోన కిందినుంచి నడుచుకుంటూ లోపలికి పోయినప్పుడు తెలిసేది.

అంటే ఆ మాట అన్న మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో మాటలోనే ఉంది. కోన అన్నవాడు కొండ కింద ఊరివాడు. గొర్రెలు తోలుకుని పోయేవాడు, తేనెకు పోయే యానాది, మొక్కు తీర్చుకోవడానికి సంసారంతో సహా పోయేవాడు. వీళ్ళెవరికీ కొండ శిఖరంతో పనిలేదు. కొండలోకి ఎక్కడ దారి ఉంది, ఎంత దూరం పోవచ్చు, అక్కడ నీళ్ళుంటాయా, పొద్దుగూకేలోగా తిరిగి రాగలమా, ఇవి కావాలి. కోన అన్న ఒక్క మాటలో ఇవన్నీ ఉన్నాయి.

ఇప్పుడు మీ అందరినీ ఒకసారి తలకోనకు తీసుకెళ్తాను. తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె వైపు పోయే రోడ్డు మీకు తెలుసు. శ్రీనివాసమంగాపురం దాటి, రంగంపేట దాటితే రెండు పక్కలా కొండలు దగ్గరికి వస్తాయి. రోడ్డు మెలికలు తిరుగుతుంది, డ్రైవరు గేరు మారుస్తాడు, బస్సు మూలుగుతుంది. ఇది భాకరాపేట కనుమ. కనుమ అంటే కొండల మధ్య దాటే సందు. ఇవతల దూరితే అవతల తేలతాం. చిత్తూరు నుంచి పలమనేరు పోయేవాళ్ళు మొగిలి ఘాట్ అంటారే, అదీ అంతే.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. పాఠ్యపుస్తకంలో తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని చదువుతున్నాం. అక్కడ కనుమలంటే మొత్తం పర్వతాల వరస. పిల్లలు కనుమ అంటే కొండే అనుకుంటున్నారు. ఇది కనుమ తప్పు కాదు. ఘాట్ అన్నది కూడా మొదట్లో కొండ దాటే దారే. తెల్లవాళ్ళు ఆ దారి పేరును పర్వతాలకే పెట్టేశారు. దాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు కనుమకూ అదే గతి పట్టింది. భాకరాపేటలో ఎవరినైనా కనుమ ఎక్కడని అడిగి చూడండి, రోడ్డు చూపిస్తారు గానీ కొండ చూపించరు.

సరే, కనుమ దిగాం. భాకరాపేట వచ్చింది, అక్కడ్నుంచి నెరబైలు. పేరు వినండి. బైలు అంటే బయలు, కొండల మధ్య ఆరుబయట నేల. చెట్టూ చేమా పలచబడి, పొలాలు కనిపించి, ఆకాశం పెద్దదవుతుంది. నెరబైలు నుంచి మళ్ళీ కొండవైపు తిరుగుతాం. అడవి చిక్కబడుతుంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బండి ఆగుతుంది. అక్కణ్ణుంచి నడక. నడిచేకొద్దీ రెండు పక్కలా బండలు ఎత్తవుతాయి, ఎండ తగ్గుతుంది, రాళ్ళు తడిగా ఉంటాయి. ఆఖరికి ఎదురుగా గోడలాగా నిలబడిన కొండ, దాని మీద నుంచి 270 అడుగుల ఎత్తులోంచి నీళ్ళు. అక్కడితో దారి అయిపోయింది. ఇంక ముందుకు పోవడానికి లేదు.

సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణంలో మూడు భూస్వరూపాలు, మూడు తెలుగు మాటలు. కనుమ దాటాం, బైలు మీద నడిచాం, కోనలో దూరాం. ఈ మూడూ పుస్తకంలో లోయ, మైదానం అన్న రెండు మాటల్లో కలిసిపోతాయి. అక్కడ నివసించేవాళ్ళకు మాత్రం కలవవు. కనుమలో దూరినవాడు అవతల ఊరు చేరతాడు, కోనలో దూరినవాడు పోయిన దారినే రావాలి. ఒకటి ప్రయాణానికి, రెండోది చేరుకోవడానికి.

ఇప్పుడు ఆకారం చూద్దాం. ఇళ్ళల్లో బియ్యం చెరిగే చేట ఉంటుంది కదా. మూడు పక్కలా అంచు లేచి ఉంటుంది, ఒక పక్క తెరుచుకుని ఉంటుంది. కోన అచ్చంగా అట్లాంటిది. మూడు పక్కలా కొండ గోడ, ఒక పక్క బైలులోకి తెరుపు. మీద పడిన ప్రతి చినుకూ జారి జారి ఆ తెరిచిన పక్కకే రావాలి, ఇంకో దారి లేదు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మన కొండలోనే ఇన్ని కోనలు ఎందుకున్నాయి? దీనికి రాయి జవాబు చెబుతుంది. కపిలతీర్థం రోడ్డులో నిలబడి పైకి చూడండి. కొండ కింది సగం ఏటవాలుగా ఉంటుంది, చెట్లు పట్టి ఉంటుంది. పై సగం ఎర్రగా, నిట్టనిలువుగా, గోడ కట్టినట్టు ఉంటుంది. కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి, చాలా పాతది. పైన ఉన్నది క్వార్ట్‌జైట్. ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి అయిన రాయి. మన నగరి పేరే దానికి పెట్టారు, నగరి క్వార్ట్‌జైట్ అని. ఈ రెండు రాళ్ళకూ మధ్య కోట్ల ఏళ్ళ ఎడం ఉంది. కింద రాయి ఏర్పడి, అరిగి, చదునై, ఎన్నో కోట్ల ఏళ్ళు గడిచాక గానీ పైన ఇసుక పడలేదు. ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండూ కలిసే గీతను చూడొచ్చు, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కడప, కర్నూలు శిలల మీద భారత భూగర్భ సర్వే కోసం విలియం కింగ్ రాసిన పెద్ద గ్రంథం 1872లో అచ్చయింది. అప్పటి నుంచి మన కొండలు భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. తిరుమలలో శిలాతోరణం చూసే ఉంటారు. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, సహజంగా అరిగి అయిన తోరణం. అదీ ఈ క్వార్ట్‌జైటే.

క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి, తొందరగా అరగదు. కానీ దాని నిండా నిలువు పగుళ్ళుంటాయి. పైన పడిన వాన ఆ పగుళ్ళు పట్టుకుని దిగుతుంది. పగులు వెడల్పవుతుంది, ఒక పక్క బండ విరిగి పడుతుంది, పగులు సందవుతుంది, సందు కోనవుతుంది. రాయి మెత్తనిదైతే గట్లు జారిపోయి, వెడల్పుగా విశాలంగా తయారయ్యేది. గట్టిది కాబట్టి గోడలు నిలువుగా నిలబడ్డాయి. కోనలో ఎటు చూసినా చెక్కినట్టు మూలలు, పలకలు పలకలుగా బండలు కనిపించేది ఇందుకే.

నీళ్ళు కూడా ఆ పగుళ్ళ పుణ్యమే. వాన నిలిచిపోయాక కూడా పగుళ్ళలో దిగిన నీరు మెల్లగా ఊరుతూ ఉంటుంది. పైన అడవి నిలబడి ఉన్నన్నాళ్ళూ ఆ ఊట నిలబడుతుంది. చుట్టూ చెరువులు నెర్రెలిచ్చిన ఎండాకాలంలో కైలాసకోనలో నీళ్ళు పడుతుంటే జనం ఆశ్చర్యపోతారు. నారాయణవనం, పుత్తూరు పక్కలవాళ్ళకు అదేమీ వింత కాదు. మనకు రెండు వానలున్నాయని కూడా మరవకండి. నైరుతి ఎంతోకొంత ఇస్తుంది, అసలు కోనలు నిండేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. కార్తీక మాసంలో కోనలకు జనం పోవడం, అదే మాసంలో కపిలతీర్థంలో నీళ్ళు దూకడం, రెండూ ఒకే వానకాలం లెక్క.

నీళ్ళ పక్కన ఉండే మాటలు కూడా చూడండి, ఎంత నిదానంగా చూసి పెట్టారో. నీళ్ళు పైనుంచి పడి పడి బండను తొలిచి చేసిన లోతైన గుంత గుండం. మాల్వాడి గుండం అని మన ఊళ్ళోనే ఉంది, పెద్ద వాన పడిందంటే సగం తిరుపతి దాన్ని చూడ్డానికే పోతుంది. పారే నీళ్ళు ఒకచోట నిలిచి లోతుగా ఉంటే మడుగు. వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు పేరు వినే ఉంటారు. బండ మీద వాన నీళ్ళు నిలిచే గుంత దోన. బైలులోకి దిగి పారితే వంక. నాలుగు మాటలు చెబితే నీళ్ళు పైనుంచి ఊళ్ళోకి వచ్చే దారంతా చెప్పినట్టే.

గుండం మీద ఒక్క క్షణం ఆగుతాను, ఇక్కడ కుర్రాళ్ళు ఎక్కువ ఉన్నారు కాబట్టి. ప్రతి ఏడాదీ ఈ కోనల్లో పిల్లల ప్రాణాలు పోతున్నాయి. ఈతరానివాళ్ళే అనుకోకండి, ఈతగాళ్ళూ మునిగి చనిపోతున్నారు. గుండం అంచున మోకాటి లోతుంటుంది, రెండడుగులు వేస్తే పాదం అందదు, ఎందుకంటే నీటి ధార నిలువుగా తొలిచింది. బండ మీద నాచు ఉంటుంది. ఇంకో ప్రమాదం కంటికి కనబడేది కాదు. మీరు నిలబడిన చోట ఎండ కాస్తూ ఉంటుంది, పైన కొండమీద వాన పడుతుంది. ఇందాక చేట అన్నాను కదా, ఆ నీళ్ళన్నీ మీరున్న చోటికే రావాలి. పక్కకు తప్పుకుందామంటే రెండు పక్కలా గోడ. నీళ్ళ రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, సెల్ఫీ సంగతి తర్వాత, ముందు ఎత్తుకు ఎక్కండి. పెద్దవాళ్ళు మబ్బు పట్టిన రోజు కోనకు పోవద్దంటే చాదస్తమనుకోకండి నాయనా. వాళ్ళకు చేట సంగతి తెలుసు.

కోనలో ఇంకో లోకం ఉంది. బయట కొండవాలు మీద ఎండకు తట్టుకునే చెట్లు, మన ఎర్రచందనం లాంటివి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే, ఎక్కువగా మన శేషాచలం చుట్టూనే. అదే కోనలోకి దిగితే మద్ది చెట్లు, అడవి మామిడి, చెట్టుకూ చెట్టుకూ పాకిపోయిన గిల్లతీగ. పట్టుమని కిలోమీటరు దూరం లేదు, అడవే మారిపోయింది. చల్లని బండ సందుల్లో బంగారు బల్లి ఉంటుంది. 1870లో బెడ్డోమ్ అనే ఆయన దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత చాలాకాలం కనబడక, 1980లలో తిరుమల కొండల్లో మళ్ళీ దొరికింది. తడి, నీడ, నిలువు బండ మూడూ కావాలి దానికి. మూడూ ఒకచోట దొరికేది కోనలో. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010లో శేషాచలం జీవావరణ ప్రాంతం ప్రకటించారు. కాగితం మీద అవి చదరపు కిలోమీటర్లు. ప్రాణం అంతా ఈ కోనల్లో ఉంది.

దేవుళ్ళ సంగతి. ఏ కోన చూసినా ఒక స్వామి ఉంటాడు. తలకోనలో సిద్ధేశ్వరుడు, కైలాసకోనలో శివుడు, సింగిరికోనలో నరసింహుడు, రాపూరు దగ్గర పెంచలకోనలో నరసింహుడే. నీళ్ళు, నీడ, ఏకాంతం ఉన్నచోట సిద్ధులు కూర్చున్నారు, వాళ్ళు కూర్చున్నచోట గుడి లేచింది అని మన పెద్దలు చెబుతారు. ఉబ్బలమడుగు కొండలో సిద్ధులకోన అనే పేరే ఉంది. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు, పెంచలమ్మలు నెల్లూరు నుంచి తిరుపతి దాకా ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. పెనుశిల అన్న మాట పెంచల అయి, ఒక కోన పేరు మనిషి పేరై, ఓటరు లిస్టులోకి, రేషన్ కార్డులోకి వచ్చేసింది. భూగోళం ఇంతకంటే దగ్గరగా మనిషికి ఎక్కడ అంటుకుంటుంది చెప్పండి.

కొండపైన మాత్రం మాట మారుతుంది. తిరుమలకు పోయినవాళ్ళు కోన అనరు, తీర్థం అంటారు. ఆకాశగంగ తీర్థం, పాపవినాశన తీర్థం, తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం, కుమారధార తీర్థం. స్వరూపం చూస్తే అన్నీ ఇదే జాతివి. బండల మధ్య సందు, ఊట, కింద గుండం. తుంబురు తీర్థం ముక్కోటికి ఫాల్గుణ పౌర్ణమి నాడు జనం నడిచిపోయే ఆ సందును తుంబురకోన అనీ అంటారు. ఒకే చోటు, భక్తుడి నోట తీర్థం, అడవి తిరిగేవాడి నోట కోన. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర అవ్వాచారి కోన వస్తుంది. గోవింద నామాలు చెప్పుకుంటూ పోయే ఆ దారిలో కూడా కోన అన్న పేరు చెక్కుచెదరకుండా ఉండిపోయింది. మెట్లెక్కేటప్పుడు ఈసారి ఒక నిమిషం ఆగి ఆ లోతు చూడండి.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. 2021 నవంబరు 18, 19 తేదీలు మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. కపిలతీర్థం మీద నుంచి ఎర్రటి నీళ్ళు గోడలాగా దూకాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం పక్క రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించారు. డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. టీవీల వాళ్ళు ఆకస్మిక వరద అన్నారు. వాన ఆకస్మికమే, నేను ఒప్పుకుంటాను. నీళ్ళ దారి మాత్రం ఆకస్మికం కాదు. అది ఈ ఊరు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

తిరుపతి ఎక్కడ ఉందో గమనించండి. కొండ పాదంలో, కోనలు తెరుచుకునే పక్కన. ఒక్కో కోన నోటి నుంచి ఒక్కో వంక బయల్దేరి, చెరువులు నింపుకుంటూ స్వర్ణముఖిలో కలవాలి. పాతవాళ్ళు కోన ఎదురుగా చెరువు తవ్వారు, వంక పక్కన ఊరు కట్టారు. రెండు కొండలకు మధ్య కట్ట వేసి చెరువు చేశారు, రాయలచెరువు అట్లాంటిదే. మనం చెరువును లేఅవుటు చేశాం, వంకను మురికికాలువ చేశాం, మూత వేసి పైన షాపులు కట్టాం. కొనేవాడు ఫేసింగు చూశాడు, వాస్తు చూశాడు, రోడ్డు ఎన్ని అడుగులని అడిగాడు. పైన ఏ కోన ఉంది, దాని నీళ్ళు ఎటు పోతాయి అని అడిగినవాడు లేడు. ఆ ప్రశ్న అడగడానికి మాట కావాలి. కోన అన్న మాట పిక్నిక్ స్పాట్ అన్న అర్థానికి కుదించుకుపోయాక ఆ ప్రశ్న ఎవరికి తోస్తుంది?

ఇంజనీర్లు ఈ ఆకారాన్ని బాగా అర్థం చేసుకున్నారు, అది చెప్పకపోతే అన్యాయం. మూడు పక్కలా కొండ ఉన్నచోట నాలుగో పక్క కట్ట వేస్తే డ్యాం అయిపోతుంది. గోడ చిన్నది, నిలిచే నీరు ఎక్కువ. రంగంపేట దగ్గర కల్యాణి డ్యాం, కొండపైన గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు అన్నీ ఇట్లా కొండ సందుల్లో కట్టినవే. తిరుమలలో రోజూ అన్ని వేల మంది తాగే నీళ్ళలో ఒక భాగం ఈ కోనలు పట్టి ఇచ్చినవి. అదే చేట. కట్ట వేసుకుంటే తాగునీరు, నోటికి అడ్డం ఇల్లు కట్టుకుంటే వరద.

ఇంతవరకు నేను చెప్పదలుచుకున్నది. మీ ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక విద్యార్థిని: సార్, కోనసీమలో కోన, మన కోన ఒకటేనా?)

మంచి ప్రశ్నమ్మా. కోనసీమలో కొండే లేదు. గౌతమికీ వసిష్ఠకూ సముద్రానికీ మధ్య చదును నేల. అక్కడివాళ్ళు కోన అంటే మూల, చివర అని చెప్పుకుంటారు. మచిలీపట్నం దగ్గర సముద్రం ఒడ్డున కూడా కోన అని ఊరుంది, అదీ చివరే. మన కోనకూ దానికీ నేల పోలిక లేదు. కానీ ఒక పోలిక ఉందని నాకనిపిస్తుంది. రెండూ దారి ఆగిపోయే చోట్లే. అక్కడ నీళ్ళు అడ్డొచ్చి ఆగుతుంది, ఇక్కడ కొండ అడ్డొచ్చి ఆగుతుంది. ఇది నా అభిప్రాయం, వ్యుత్పత్తి కాదు, పరీక్షలో రాయకండి. ఇంకో చిన్న ముచ్చట, కోనసీమ జిల్లా, మన తిరుపతి జిల్లా ఒకే రోజు పుట్టాయి, 2022 ఏప్రిల్ 4న.

(ఒక ఉపాధ్యాయుడు: పిల్లలు పరీక్షలో లోయ బదులు కోన అని రాస్తే మార్కులు వేయాలంటారా?)

ఏ జవాబుకు రాశారన్నది చూడండి సార్. కాశ్మీరు కోన అని రాస్తే కొట్టేయండి. అరకు కోన అన్నా కొట్టేయండి, అది విశాలమైన లోయ, ఊళ్ళకు ఊళ్ళున్నాయి. శేషాచలంలో నీరు కోసిన ఇరుకు సందు గురించి రాస్తూ కోన అన్నారంటే వాళ్ళు పుస్తకం కంటే ఒక మెట్టు పైన ఉన్నారు. మార్కు వేయడమే కాదు, వాణ్ణి లేపి క్లాసుకు చెప్పించండి.

(వెనక నుంచి ఒక విద్యార్థి: టోపోషీటులో కోనను ఎట్లా గుర్తుపట్టాలి సార్?)

ఇది చూసుకుని వెళ్దాం. టోపోషీటు అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే పటం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు తీసుకోండి. కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, 20 మీటర్ల ఎత్తుకు ఒకటి ఉంటాయి. కొండ వైపు నుంచి వంక దిగే చోట ఆ గీతలన్నీ వెనక్కి, ఎత్తు వైపుకి మడత పడతాయి. లోయ ఎక్కడైనా అంతే. కోన అయితే ఆ మడత దగ్గర మూడు పక్కలా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు నల్లగా కిక్కిరిసి ఉంటాయి, నాలుగో పక్క ఒక్కసారిగా ఎడంగా విడిపోతాయి. ఆ ఎడం మొదలైన చోట నీలం గీత వెడల్పు చూడండి. అక్కణ్ణుంచి అది ఏ చెరువులోకి పోతుందో వేలు పెట్టి వెతకండి. చెరువు దాకా పోకుండా నీలం గీత ఊరి దగ్గర ఆగిపోతే, అక్కడ ఏం కట్టారో నేల మీదికి పోయి చూసి రండి.

షీటు మీద పేర్లున్న కోనలు కొన్నే. పేరు లేని మడతలు చాలా ఉన్నాయి, ఊరివాళ్ళకు మాత్రం ప్రతిదానికీ పేరుంది. ఈ సెలవుల్లో మీ ఊరికి దగ్గరున్న కొండ భాగం జిరాక్సు తీసుకుని, గొర్రెలు మేపేవాళ్ళను, అడవికి పోయే ముసలివాళ్ళను అడిగి పెన్సిలుతో రాయండి. ఎవరు చెప్పారో కాకపోయినా, ఏ ఊళ్ళో విన్నారో పక్కన రాయండి. ఒకే కోనకు రెండు ఊళ్ళవాళ్ళు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, ఒకటి కొట్టేయొద్దు. వచ్చే సమావేశానికి ఆ షీట్లు తెచ్చారంటే ఈ టేబుళ్ళన్నీ కలిపి పరిచి చూద్దాం.